ఈళ్ళేం తింటన్నార్రా?

ప్రళయం వచ్చింది. లోకం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది ఒక్క కుటుంబం. నాన్న, అమ్మ, ఒకళ్ళో ఇద్దరో పిల్లలు. తిండి లేదు, నీళ్ళు లేవు, ఎదురుపడ్డ మనిషిని నమ్మే వీల్లేదు. ఇక వాళ్ళెలా బతికారన్నది వెండితెర మీద చూడండి!

ఈ కథతో ఎన్ని చిత్రాలు వచ్చాయో లెక్కపెట్టడం నా వల్ల కాదు లెండి. 1979లో 'మ్యాడ్ మ్యాక్స్' వరస మొదలైన దగ్గర్నుంచి ఎడారి, దుమ్ము, తుక్కు ఇనుముతో కట్టిన కార్లు ఈ తరహా సినిమాలకి యూనిఫారం అయిపోయాయి. 2018లో వచ్చిన 'ఎ క్వయట్ ప్లేస్'లో ఒక సంసారం అడుగు చప్పుడు కాకుండా, నోరు మెదపకుండా కాలం గడుపుతుంది. (మా యింట్లో ఆ కథ ఇంటర్వెల్ దాకా కూడా నడవదు. మా అమ్మ వుంది కదా!) ఇక మన తెలుగులో 2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ' సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మీలో చాలామంది మొదటి ఆట చూసి, కాగితాలు ఎగరేసి, గొంతు పోగొట్టుకుని వచ్చినవాళ్ళే.

ఆ 'కల్కి'కే మా నాన్నని తీసుకెళ్ళాను. అక్కడ మొదలైంది ఈ వారం కబురు.

మాది అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోటు. నరసింహస్వామి గుడి, లైట్‌హౌసు, అన్నాచెల్లెళ్ళ గట్టు తప్ప మా వూళ్ళో చూసేందుకు ఇంకేమీ లేదు. సినిమా చూడాలంటే పంటు ఎక్కి నరసాపురం అయినా పోవాలి, బస్సెక్కి రాజోలైనా రావాలి. నాన్నకి డెబ్బైకి దగ్గర పడుతున్నాయి. హాల్లో సినిమా చూసి పదేళ్ళపైనే అయింది. ప్రభాస్ అన్నాను, కదల్లేదు. అమితాబ్ అశ్వత్థామ వేశాడన్నాను, కొంచెం కదిలాడు. మహాభారతంతో మొదలవుతుందన్నాను, చొక్కా వేసుకున్నాడు.

రాజోలులో హాలు నిండుగా వుంది. తెరమీద ఎండిపోయిన గంగ, బీడుపడ్డ కాశీ, పైన ఆకాశంలో తలకిందులుగా వేలాడే కాంప్లెక్సు. లోకంలో వున్న సంపదంతా ఆ కాంప్లెక్సు లోపల, దుమ్ములో బతికే జనం బయట. నాగ్ అశ్విన్ ఆ లోకాన్ని ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఎంత శ్రద్ధగా కట్టారో మీరూ చూశారు. భైరవ వచ్చాడు, బుజ్జి వచ్చింది, ఈలలు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడు మా నాన్న నా చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"ఈళ్ళేం తింటన్నార్రా?"

"ఏంటి నాన్నా?"

"అదే. ఇంతమంది జనం వున్నారు. చుట్టూ ఒక్క గడ్డిపరకైనా లేదు. పొయ్యి మీద ఏం పెడతన్నారు?"

ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. నేను "సినిమా నాన్నా" అన్నాను. "ఆఁ, సినిమాయేలే" అని ఆయన మళ్ళీ సర్దుకుని కూచున్నాడు. సినిమా ఆయనకి నచ్చింది. ముఖ్యంగా అమితాబ్. కానీ తిరుగు బస్సులో మలికిపురం దాటేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళుగా సినిమాల గురించి రాస్తున్నాను, ఇన్ని ప్రళయాలు చూశాను, ఒక్కసారైనా ఆ ప్రశ్న నాకెందుకు తోచలేదు?

కొన్నాళ్ళకి ఇంట్లో 'ది రోడ్' పెట్టి నాన్న పక్కన కూచున్నాను. 2009లో వచ్చిన హాలీవుడ్ చిత్రం. కార్మాక్ మెకార్తీ నవల ఆధారం. లోకం బూడిదైపోయింది, ఎందుకైందో చెప్పరు. ఒక తండ్రి, చిన్న కొడుకు, సామాన్లు వేసుకున్న ఒక తోపుడుబండి. దక్షిణం వైపు, సముద్రం వైపు నడుస్తూ పోతారు. ఫైట్లు లేవు, పాటలు లేవు. నాన్నకి ఇంగ్లీషు రాదు, అక్కడక్కడా నేను అర్థం చెబుతున్నాను. కాసేపయ్యాక చెయ్యెత్తి "నాకు తెలుస్తందిలే" అన్నాడు.

మధ్యలో ఒకచోట ఆ తండ్రీకొడుకులకి భూమి లోపల దాచిన తిండి దొరుకుతుంది. డబ్బాలకి డబ్బాలు. పిల్లవాడు కడుపునిండా తింటాడు, తండ్రి వాడికేసి చూస్తూ వుంటాడు. నేను పక్కకి చూశాను. మా నాన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బొమ్మ ఆపేశాను. అప్పుడు చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట.

1996 నవంబరు 6. దీపావళికి ఇంక నాలుగు రోజులే వుంది. అప్పటికి మేం అంతర్వేదిలో లేం. అది మా అమ్మ పుట్టిల్లు. మా సొంతవూరు కాట్రేనికోన అవతల, సముద్రానికి దగ్గర్లో చిన్న పల్లె. తాటాకు ఇల్లు, ఎకరం కొబ్బరితోట, అందులో అరవై చెట్లు. నాకు ఏడేళ్ళు. ఆ రాత్రి గాలి ఎలా అరిచిందో నాకు జ్ఞాపకం లేదు. కానీ అమ్మ పట్టుచీర మడతల్లో దాచిన దీపావళి మతాబాలు తడిసి ముద్దయిపోయాయని ఏడ్చినట్టు మాత్రం బాగా గుర్తు.

మిగతాది నాన్న చెప్పినదే.

ఇంటికప్పు లేచిపోగానే నన్ను కండువాతో వీపుకి కట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని చీకట్లో బయటపడ్డాడు. ఆ దాపున వున్నది ఒకే ఒక డాబా. అది ఎవరిదో కాదు, పక్కతోట ఆసామిది. ఆయనకీ మాకూ మాటల్లేవు. సరిహద్దు మీద వున్న ఒక కొబ్బరిచెట్టు ఎవరిదన్న తగువు మీద రెండేళ్ళుగా ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. పెద్దమనుషుల దగ్గర పంచాయితీ కూడా అయింది.

"ఆ తలుపు కొట్టడానికి నా చెయ్యి లేవలేదురా. నీ కోసమని కొట్టాను," అన్నాడు నాన్న.

తలుపు తెరుచుకుంది. ఆయన లాంతరు ఎత్తి చూసి, "పిల్లోణ్ణి ముందు ఇటియ్యి బావా" అన్నాడట. అంతే. అప్పటికే ఆ గదుల్లో నలభైమంది దాకా వున్నారు. చేపలు పట్టేవాళ్ళు, కూలివాళ్ళు, మామూలు రోజుల్లో ఆ యింటి అరుగు కూడా ఎక్కనివాళ్ళు. ఆ రాత్రి అందరూ ఒక్క గోడకే ఆనుకుని కూచున్నారు.

ఇదే హాలీవుడ్ సినిమా అయితే ఏమయ్యేది చెప్పండి? ఆ డాబా ఆసామి తుపాకీ పట్టుకుని నిలబడేవాడు. మా నాన్న ఆయన్ని కొట్టి లోపలికి పోయేవాడు. ఈ చిత్రాలన్నిటికీ ఒకటే సూత్రం: లోకం పోయాక మనిషికి మనిషే శత్రువు. అలా జరగదని నేననను, జరిగినచోట జరిగే వుంటుంది. కానీ మావూళ్ళో ఆ రాత్రి అలా జరగలేదు. మీకు గుర్తుందా, 2023లో మలయాళం నుంచి తెలుగులోకి వచ్చిన '2018'? కేరళ వరదల కథ. అందులో సముద్రం మీద చేపలు పట్టుకునేవాళ్ళు పడవలు తెచ్చి ఊళ్ళని కాపాడతారు. అది కల్పన కాదు, 2018లో కేరళలో నిజంగా జరిగిందే. మా నాన్నకి బాగా నచ్చిన ప్రళయం సినిమా ఏదంటే అదే చెబుతాడు. "ఇది తెలిసినోడు తీశాడు" అన్నాడు.

తెల్లారింది. మీరు చూసే సినిమాల్లో ఇక్కడ సూర్యుడు ఉదయిస్తాడు, సంగీతం పెరుగుతుంది, కుటుంబమంతా ఒకళ్ళనొకళ్ళు కావిలించుకుంటారు, శుభం కార్డు పడుతుంది. నాన్న లెక్కలో కథ మొదలైంది అప్పుడు.

ఆ తుపాను కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి తీరగ్రామాల్లో వేటకి వెళ్ళి తిరిగిరానివాళ్ళు ఎందరో. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. పాటల చిత్రీకరణకి మనవాళ్ళు వచ్చి వాలే ఆ పచ్చటి కోనసీమ, కెమెరాలు పెట్టి తీస్తే ఒక్క సెట్టు కూడా వెయ్యక్కర్లేనట్టు అయిపోయింది. మా అరవై చెట్లలో నిలబడినవి పదకొండు. తగువులో వున్న ఆ సరిహద్దు చెట్టు కూడా పడిపోయింది. దాని మొదలు వాళ్ళ తోటలో, మొవ్వు మా తోటలో!

ఇప్పుడు నాన్న ప్రశ్నకి జవాబు వినండి. ఏం తిన్నారు, ఏం తాగారు?

నూతుల్లోకి ఉప్పునీరు దిగింది. తాగడానికి చుక్క లేదు. అప్పుడు జనాన్ని కాపాడింది ఆ పడిపోయిన చెట్లే. కూలిన చెట్టు గెలల్లో బొండాలు అలాగే వున్నాయి. ఎవరి చెట్టన్నది ఎవరూ అడగలేదు. నలభైమందికీ కొట్టి ఇచ్చారు. మా తగువు చెట్టు నీళ్ళు ఇటు మేమూ తాగాం, అటు వాళ్ళూ తాగారు. తడిసిన బియ్యం ముక్కవాసన వేస్తుంటే అలాగే ఉడకేశారు. డాబా ఆసామి భార్య ముందుచూపుతో అగ్గిపెట్టెలు నెయ్యి డబ్బాలో పెట్టి మూత బిగించింది. లేకపోతే పొయ్యే లేదు. ఆ తర్వాత హెలికాప్టరు నుంచి పొట్లాలు పడ్డాయి. నేను హెలికాప్టరు చూడటం అదే మొదలు. గంతులేశానట. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చిందట. ఆ రెండూ ఒకే నిమిషంలో.

పది రోజులకి మేం బయల్దేరాం. ఒక ట్రంకుపెట్టె, రెండు ఇత్తడి బిందెలు. అమలాపురం దాకా లారీ మీద. బోడసకుర్రు రేవులో వైనతేయ దాటితే అవతల పాశర్లపూడి. కోనసీమ పాఠకులకి ఆ పేరు చెబితే చాలు. 1995 జనవరి 8న అక్కడ ఓఎన్‌జీసీ గ్యాసు బావి పేలి, మంట ఆకాశానికి లేచి, 65 రోజులు ఆరకుండా మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. అంటే చూడండి, నిప్పుతో ఒక ప్రళయం, రెండేళ్ళు తిరక్కుండా నీటితో ఇంకో ప్రళయం. కథకుడు ఎవరైనా ఒకే చిత్రంలో ఈ రెండూ రాస్తే, "మరీ ఎక్కువైంది, ఒకటి తీసెయ్యండి" అంటారు నిర్మాతలు!

'కల్కి'లో శంభల వుంది కదా, దిక్కులేనివాళ్ళకి ఆసరా ఇచ్చే చోటు. మాకు శంభల అంతర్వేది. కోటగోడలు లేవు, యోధులు లేరు. వున్నది మా అమ్మమ్మ. ఈ తుపాను మమ్మల్ని బాదినంతగా ఆ వైపుని బాదలేదు. అమ్మమ్మ పెంకుటింట్లో బియ్యం బస్తాలున్నాయి. గుమ్మంలో మమ్మల్ని చూసి ఆవిడ ఏమైందని అడగలేదట. "కాళ్ళు కడుక్కోండి, అన్నం పెడతాను" అందట.

కానీ మిత్రులారా, అత్తారింటి అన్నం అల్లుడికి పండగ మూడు రోజులూ పాయసంలా వుంటుంది. నాలుగో రోజు నుంచి గొంతు దిగదు. ఈ సంగతి పెళ్ళయ్యాక మీకూ తెలుస్తుంది. మా నాన్న అక్కడ తిన్నది మూడు రోజులు కాదు, ఏడేళ్ళు.

ఎందుకు ఏడేళ్ళంటే, లెక్క కొబ్బరిచెట్టుది. నాటు రకం మొక్క ఇవాళ పాతితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. పొలం అయితే ఒకటి రెండు వానలకి, కాలవ నీళ్ళకి ఉప్పు కడుక్కుపోయి మళ్ళీ వరి పండుతుంది. తోట అలా కాదు. దానికి కాలవ నీళ్ళు చాలవు, ఏళ్ళు కావాలి. 1997 తొలకరికి నాన్న అంబాజీపేట నుంచి మొక్కలు తెచ్చి పాత తోటలో పాతాడు. రాత్రిళ్ళు అంతర్వేదిలో రొయ్యల చెరువు మీద కాపలా. వారానికోసారి బస్సెక్కి, రేవు దాటి, మళ్ళీ బస్సెక్కి ఆ మొక్కల్ని చూసుకోవడానికి వెళ్ళేవాడు. నేను చూస్తుండగా ఎన్నోసార్లు భోజనానికి పిలిస్తే "ఆకలి లేదత్తయ్యా" అన్నాడు. ఆకలి లేక కాదని నాకు ఇప్పుడు తెలిసింది.

ఒకసారి భీష్మ ఏకాదశి తీర్థానికి, రథం లాగే రోజున, ఇంటి నిండా చుట్టాలు. ఎవరో పెద్దాయన నవ్వుతూ, "ఏం అల్లుడూ, ఇల్లరికం బాగా కుదిరినట్టుందే" అన్నాడు. నాన్న కూడా నవ్వాడు. ఆ సాయంత్రం అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఒక్కడే కూచున్నాడు. అమ్మమ్మ నన్ను పంపింది, "మీ నాన్నని పిలుచుకురా, ఆయనొస్తేగానీ నేను తిననని చెప్పు" అని. వెళ్ళి అదే చెప్పాను. నాన్న లేచి వచ్చాడు. ఆ తర్వాత ఆవిడ పోయేవరకు ఆ యింట్లో మొదటి విస్తరి నాన్నకే. ఎందుకో ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

2004 సంక్రాంతికి నాన్న ఒక గోనెసంచి భుజాన వేసుకుని దిగాడు. అందులో పాతిక కాయలు. కొత్తచెట్ల మొదటి కాపు. అమ్మమ్మ ముందు పోసి నిలబడ్డాడు. ఆవిడ ఒక కాయ తీసుకుని, చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడు విని, "స్వామికి కొట్టి రా నాయనా" అంది. ఆ రోజు నాన్న రెండోసారి అన్నం అడిగి వడ్డించుకున్నాడు. పద్నాలుగేళ్ళ వెధవని, నాకేం తెలుసు? సినిమాకి డబ్బులిస్తాడా లేదా అని చూస్తున్నాను.

ఒక కుటుంబం ప్రళయం దాటి బతకడమంటే ఇదని ఇప్పుడు అనిపిస్తోంది. తుపాను రాత్రి మహా అయితే ఏడెనిమిది గంటలు. దాన్ని ధైర్యం దాటిస్తుంది. ఆ తర్వాత ఏడేళ్ళున్నాయి. వాటిని దాటించడానికి ధైర్యం సరిపోదు. ఒకళ్ళు మాట మిగల్చకుండా అన్నం పెట్టాలి, ఇంకొకళ్ళు సిగ్గు మింగి తినాలి. ఇందులో క్లైమాక్సు ఫైటు లేదు. అందుకే కాబోలు సినిమావాళ్ళకి పనికిరాలేదు.

మన చిత్రసీమకి తుపానులు తెలియవని నేను అనను. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచి పదివేలమందికి పైగా చనిపోయినప్పుడు, ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. మీ తాతల్ని అడగండి, కళ్ళు మెరుస్తాయి. జోలె పట్టడం వేరు, కథ చెప్పడం వేరు. కోనసీమ అంటే కొబ్బరాకుల మధ్యనుంచి సూర్యుడు, పడవలో హీరోయిన్, ఓణీ రెపరెప. ఇన్నేళ్ళుగా చూస్తూనే వున్నాం, చూడ్డానికి బాగానే వుంటుంది. ఆ చెట్లు ఒకసారి పడిపోయి మళ్ళీ లేచినవని చెప్పే చిత్రం మాత్రం నేనింకా చూడలేదు. మీలో రేపు కథలు రాసేవాళ్ళూ, మెగాఫోన్ పట్టేవాళ్ళూ తప్పకుండా వున్నారు. 2898 దాకా వెళ్ళక్కర్లేదు. 1996 నవంబరు 7 తెల్లవారుజామున మొదలుపెట్టండి. మిగతా కథ మీ ఊళ్ళో ఎవరో ఒక పెద్దాయన దగ్గర వుంటుంది. అడగాలంతే. నేను ఇరవై ఎనిమిదేళ్ళు అడగలేదు. ఒక సినిమా చూపిస్తే గానీ ఆయన చెప్పలేదు.

మొన్న సాయంత్రం నాన్నతో కలిసి ఒడ్డుకి వెళ్ళాను. పల్లిపాలెం వైపు అలలు తీరాన్ని కోసుకుంటూ లోపలికి వస్తున్నాయి. కిందటేడు నేను కూచున్న చోట ఇప్పుడు నీళ్ళున్నాయి. నాన్న కాసేపు చూసి ఇంటికొచ్చి, పెరట్లో గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. పక్కన నాలుగు కొబ్బరిమొక్కలు.

"ఇవి కాపుకొచ్చేసరికి నీకు డెబ్బై అయిదు దాటతాయి కదా నాన్నా?" అన్నాను.

"నా కోసమేంట్రా? రేపు ఎవరైనా మన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే ఏం పెడతావు?" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. గడ్డపార తీసుకున్నాను.

అన్నట్టు, 'కల్కి' రెండో భాగం వుందని మొదటి భాగం చివర్లో చెప్పారు కదా. నాన్నకి ఆ సంగతి చెబితే, "అయితే తీసుకెళ్ళు. ఈసారైనా పొయ్యి చూపిస్తారేమో చూద్దాం" అన్నాడు.